ఎర్రకారులో పాత పెట్టె

తిరుపతి,
14-3-2004

చెవులు పోయినా నోరు తగ్గని మా మునిరామయ్యకు,

వరదయ్య రాస్తున్నాను. బంగారుపాళ్యంలో నీ తోపు ఈ ఏడు పూత బాగా నిలబెట్టుకుందని విన్నాను, సంతోషం. నీకు ఫోన్ చేస్తే నేనొకటి చెబుతాను, నువ్వొకటి వింటావు. ముప్పై ఏళ్లు డిపో షెడ్డులో ఇంజన్ల పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్నవాడికి ఉత్తరమే దిక్కు. దీన్ని నువ్వొక్కడివే చదువుకో. ఇంట్లోవాళ్లకు చదివి వినిపించొద్దు.

సంగతి మా సునీల్‌కుమార్‌ది. వాడు కరకంబాడి రోడ్డులో కార్ల అంగడి పెట్టాడు కదా. నేను రిటైరైనప్పటి నుంచి పొద్దున పదికి పోయి, అక్కడ కుర్చీ వేసుకుని సాయంత్రం దాకా కూర్చుంటున్నాను. పేరుకు కాపలా. పోయిన ఏడాది దాకా వైరింగు, లైట్లు, ఏసీలు చేసేవాడు. అది నాకు అర్థమయ్యేది. ఇప్పుడు కొత్త పని ఎత్తుకున్నాడు. కార్లకు బలం పెంచుతాడట! కుర్రకారు మోజుపడి కొనే జోరు బండ్లు ఉంటాయి చూడు, నేలకు కరుచుకుని పోయేవి, అవి వస్తున్నాయి. వచ్చినప్పుడు ఎలా ఉన్నాయో పోయేటప్పుడూ అలాగే ఉంటాయి. బండివాడు మాత్రం నవ్వుకుంటూ పోతాడు. నా అనుమానం అక్కడే మొదలైంది.

నీకు తెలిసేలా చెబుతాను. ఈ కాలం కార్లకు డాష్‌బోర్డు కింద టిఫిన్ డబ్బా అంత పెట్టె ఒకటి ఉంటుంది. ఇంజనుకు ఎంత పెట్రోలు పొయ్యాలి, నిప్పురవ్వ ఏ క్షణాన కొట్టాలి అనేది ఆ పెట్టె చెబుతుందట. దాంట్లో గోరంత చిప్పు. కంపెనీవాళ్లు ఆ చిప్పులో రాసి పంపిన అంకెలు వద్దని వీళ్లు వేరే అంకెలు రాస్తారు. ఇంకో పెట్టె తెచ్చి, కొత్త అంకెల చిప్పు దాంట్లో పెట్టి, బండికి బిగిస్తారు. కంపెనీ పెట్టెను కవరులో వేసి, బండి నంబరు రాసి బీరువాలో దాస్తారు. అయిపోయింది! చేతికి చుక్క గ్రీసు అంటదు.

వాణ్ణే అడిగాను. "ఒరే సునీలా, నట్టు మార్చలా, బోల్టు మార్చలా. బలం యాడి నుంచి వచ్చింది?"

"నాయనా, కంపెనీవాళ్లు భయంభయంగా రాసుంటారు. ఎండకీ వానకీ, కల్తీ పెట్రోలుకీ, యాడా బండి నిలబడకూడదని. ఆ భయంలో కొంచెం బలం దాగుండాది. దాన్ని మేం బయటికి తీస్తాం."

"యాడ దాగుండాదో సూపించు."

లాప్‌టాపు నా వైపు తిప్పాడు. వరసలు వరసలుగా అంకెలు. తల గోక్కున్నాను.

మునిరామయ్యా, నువ్వు పిస్టన్ మారిస్తే అరిగిన పిస్టన్ నా చేతిలో పెట్టి చూపించేవాడివి. సంతలో ముసలి ఎద్దుకు నూనె పూసి అమ్మేవాడైనా ఎద్దునైతే చూపిస్తాడు. కంటికి కనబడని సరుకు అమ్మడం కన్నా సులువైన మోసం ఇంకేముంటుంది? కొన్నవాడికి తెలియదు, అమ్మినవాడు చెప్పడు.

ఆ అంకెలు రాసేది మావాడు కూడా కాదు. ఎస్తేరు అని ఒక అమ్మాయి. చంద్రగిరి నుంచి రోజూ బస్సులో వస్తుంది. పాలిటెక్నిక్ చదివింది, తండ్రి లేడు, తల్లి హాస్టల్లో వంట చేస్తుంది. తల వంచుకుని ఆ యంత్రంతో తప్ప మనుషులతో మాట్లాడదు. ఇప్పుడు ఒక ఎర్రకారు మీద పడ్డారు ఇద్దరూ. అది మీ ఊరి రోడ్డు మీద మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉందే, వాళ్లబ్బాయి యోగానందది. వచ్చే నెల మద్రాసు దగ్గర రేసులో తోలతాడట. పన్నెండు రోజులుగా మావాడు చంద్రగిరి రోడ్డు మీద కారు తోలడం, ఈ పిల్ల పక్కన లాప్‌టాపు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం, వెనక్కి వచ్చి నాలుగు అంకెలు మార్చడం, మళ్లీ పోవడం. ఇది పనా, నాటకమా?

నువ్వు బ్రేకు సరిచేసి సంతకం పెట్టినా నేను మళ్లీ తొక్కి చూసుకోనిదే కొండకు బస్సు కదిలించేవాణ్ణి కాదు. అనుమానాల వరదయ్య అని డిపో అంతా నవ్వేది. ఎందుకలా తయారయ్యానో నీకొక్కడికే తెలుసు. ఇప్పుడు ఆ అనుమానం కన్నకొడుకు మీద పడింది. పిల్ల వాణ్ణి ఆడిస్తోందో, వాడే ఊరిని ఆడిస్తున్నాడో తెలియడం లేదు. వాడు మోసగాడైతే నేను ఆ అంగట్లో కుర్చీ వేసుకుని కూర్చోవడం దేనికి? ఆ సంపాదన అన్నం నోట్లోకి ఎలా పోతుంది? పెద్ద మెకానిక్కువి, నువ్వే చెప్పు. అంకెలు మారిస్తే ఇంజనుకు బలం వస్తుందా?

నీ
వరదయ్య

—

తిరుపతి,
12-4-2004

మునిరామయ్యకు,

నీ కార్డు అందింది. "ఈ కాలం పనులు మనకు తెల్లేదప్పా, కొడుకును నమ్ము" అని రెండు ముక్కలు గీకి పంపావు. నమ్మకం అనేది అడిగితే ఇచ్చే వస్తువా? నాకు రుజువు కావాలి. ఇప్పుడు దొరికింది. చెబితే నువ్వు తిడతావు, తిట్టు.

మొన్న శుక్రవారం, తొమ్మిదో తేదీ, ఎర్రకారు పని పూర్తయింది. సాయంత్రం యోగానంద వచ్చి తీసుకుపోవాలి. ఆ రోజు గుడ్ ఫ్రైడే. ఎస్తేరు పన్నెండుకు చర్చికి బయలుదేరింది. మావాడు ఏదో పార్సిలు విడిపించుకోవాలని రేణిగుంటకు పోయాడు. పోతూ పోతూ ఆ పిల్ల బీరువా తాళంచెవి నా చేతిలో పెట్టి, "పెద్దాయనా, జాగ్రత్తగా పెట్టుకోండి, మూడు గంటల ప్రార్థన అయినాక వస్తా" అంది. షట్టరు సగం దించి కూర్చున్నాను. ఎదురుగా ఎర్రకారు. చేతిలో తాళంచెవి.

బుద్ధి ఎలా పుట్టిందో చెప్పలేను. బీరువా తెరిచి, ఆ బండి నంబరు కవరులో ఉన్న కంపెనీ పెట్టె బయటికి తీశాను. డాష్‌బోర్డు కింద పడుకుని వాళ్ల పెట్టె విప్పాను. నాలుగు బోల్టులు, ఒక పెద్ద ప్లగ్గు, అంతే. వాళ్లు చేస్తుండగా పదిసార్లు చూశాను కదా. కంపెనీ పెట్టె బిగించేశాను. వాళ్లు నెల రోజులు అంకెలు రాసిన పెట్టెను నా పాత డ్యూటీ సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పుడు అది నా మంచం కింద ఉంది.

నా లెక్క ఇది. ఆ అంకెల్లో నిజంగా బలం ఉంటే యోగానంద కారెక్కగానే గోల పెట్టాలి. గోల పెట్టకపోతే అంతా దగా.

సాయంత్రం వచ్చాడు. ఎక్కాడు. చిత్తూరుకు పోయాడు. మర్నాడు ఫోన్ చేశాడు. మావాడి మొహం వెలిగిపోయింది. "నాయనా, బండి సూపర్‌గా పోతాండాదంట! గాలిలో తేలినట్టుండాదంట!" అన్నాడు.

గాలిలో తేలిందట, పాత పెట్టెతోనే! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇక అనుమానం కాదు, రుజువే. ఆ కుర్రాడు మావాడి మాటలు నడుపుకుంటూ పోయాడు, కారును కాదు. రెండు రోజులుగా నాకు అన్నం సయించడం లేదు. నేను గెలిచాను, కానీ నా ఇల్లే ఓడింది. మావాడు తెలిసి మోసం చేస్తున్నాడా, తానే మోసపోతున్నాడా అనే ఒక్కటే తేలాలి. ఆ పిల్ల మీదే నాకు ఎక్కువ అనుమానం. ఏమీ రాయకుండానే రాశానని చెబుతూ ఉండవచ్చు కదా?

రేపు మంగళవారం రేసుకు ముందు ఆఖరి చూపు అని యోగానంద బండి తెస్తాడు. అందరి ముందూ ఈ పెట్టె బల్ల మీద పెట్టి అడుగుతాను. అప్పుడు చూస్తాను ఎవరి మొహం మాడుతుందో.

నీ
వరదయ్య

—

తిరుపతి,
25-4-2004

మునిరామయ్యకు,

రెండు కాగితాలు రాసి చింపాను, ఇది మూడోది, అక్షరాలు కూడబలుక్కుని చదువుకో.

మంగళవారం యోగానంద రాలేదు. టైర్లు అరుగుతాయని కారును షెడ్డులో పెట్టాడట, ఆ వారంలోనే లారీ ఎక్కించి నేరుగా మద్రాసు తీసుకుపోయాడట. నాకు తెలిసింది. రేసుకు ముందే చెప్పి ఉండవచ్చు, చెప్పలేదు. ఈ పెట్టె అయినా ఆ పెట్టె అయినా ఒకటే కదా, తేడా ఏముంది అనుకున్నాను. అంత నమ్మకం నాకు నా అనుమానం మీద.

తేడా ఉంది మునిరామయ్యా. చిత్తూరు రోడ్డు మీద బస్సుల వెనక, ఎడ్లబండ్ల వెనక పోయేవాడికి తెలియని తేడా రేసులో గడియారానికి తెలిసింది. సోమవారం పందొమ్మిదో తేదీ లారీ మీద కారుతో సహా వచ్చాడు యోగానంద. వెంట నలుగురు. అంగడి ముందు జనం మూగారు.

"ఏం సునీలన్నా, మద్రాసోళ్ల ముందర నా పరువు తీసేస్తివే! మీటరు ముల్లు ఆరు వేలు దాటినాక ఇంజను గొంతు పట్టుకున్నెట్ల నిలబడిపాయ. ఆడ తెలిసినాయన పెట్టె విప్పి సూసినాడు. లోపల ఉండేది కంపెనీ చిప్పే! పదిమంది నవ్వినారన్నా. కొత్త పెట్టె యాడ అమ్ముకున్యావు?"

మావాడు డాష్‌బోర్డు కింద దూరి చూశాడు. బయటికి వచ్చినప్పుడు వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. బీరువా తెరిచాడు. ఆ నంబరు కవరు ఖాళీ. మెల్లగా ఎస్తేరు వైపు తిరిగాడు. ఆ పిల్లను బెంగళూరు అంగడివాళ్లు ఒకరు పనికి పిలుస్తున్నారని మాకందరికీ తెలుసు. అంకెలు రాసిన పెట్టె ఒకటి పట్టుకుపోతే వాళ్లు నెత్తిన పెట్టుకుంటారు.

"బండి ఇచ్చిన శుక్రవారం బీరువా తాళం నీ దగ్గరే గదా ఉండింది?" అన్నాడు.

ఆ పిల్ల ముందున్న లాప్‌టాపు మూసింది. మావాడి వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. తాళంచెవి నా చేతికి ఇచ్చానని ఒక్క మాట అంటే చాలు, అనలేదు. ఆ చూపు ఏమిటో నాకు అర్థం కాలేదు, కానీ గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను తువ్వాలు సర్దుకున్నాను.

"నిన్ను నమ్మినా గదా ఎస్తేరూ" అన్నాడు మావాడు. అంతే అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ పిల్ల టిఫిన్ క్యారియరు తీసుకుని, తన దగ్గరున్న తాళంచెవి బల్ల మీద పెట్టి, జనాన్ని తప్పుకుంటూ బస్సుకు పోయింది.

నేను దొంగకు తేలు కుట్టినట్టు కుర్చీలోనే కూర్చున్నాను.

మావాడి పని నిజమని తేలింది. ఆ పిల్ల రాసిన అంకెల్లో బలం ఉందని పరాయి ఊళ్లో పదిమంది ముందు రుజువైంది. నా కొడుకు మోసగాడు కాదు. నేను కోరుకున్నది అదే కదా? అది తేలిన గడియలోనే వాడు ఊరందరికీ మోసగాడయ్యాడు, ఆ పిల్ల దొంగ అయింది. రెండూ నా చేతులతోనే.

అప్పుడే ఎందుకు చెప్పలేదంటావు. జనం ముందు నోరు రాలేదు. సాయంత్రం చెబుదామనుకున్నాను. సాయంత్రం మావాడు గోడకు ఆనుకుని కూర్చుంటే చూడలేక పొద్దున చెబుదామనుకున్నాను. ఇప్పటికి ఆరు రోజులు. ఒక్కో రోజు గడిచేకొద్దీ చెప్పడం మరింత కష్టమవుతోంది. నిజం చెబుతున్నాను, మొదటి రోజు నా మనసులో ఒక మూల "పోనీలే, ఆ పిల్ల మీదికి పోయింది" అని కూడా అనిపించింది. ఇది నీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేను.

నిన్న తెలిసింది. చిత్తూరులో ఒక కార్ల షెడ్డువాళ్లు ఎస్తేరును పనిలో చేర్చుకుంటామని చెప్పి, తర్వాత వద్దన్నారట. ఈ పనిలో కొనేవాడికి లోపల ఏముందో కనబడదు కదా. చేసేవాళ్ల పేరు ఒక్కటే పెట్టుబడి. ఆ పేరు పోతే ఆ పిల్లకు ఈ జిల్లాలో ఎవరూ స్క్రూడ్రైవరు కూడా చేతికివ్వరు. ఏం చెయ్యమంటావు?

వరదయ్య

—

తిరుపతి,
5-5-2004

మునిరామయ్యకు,

నీ కార్డు జేబులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. "ఎనభై ఒకటిలో నా తప్పు నీ నెత్తిన వేసుకున్యావు. ఇప్పుడు నీ తప్పు ఆడపిల్ల నెత్తిన పెట్టి అన్నం తింటాండావా?" అని రాశావు. ఇంకేమీ రాయలేదు. ఇంత కాలానికి నువ్వే ఆ మాట ఎత్తావు.

ఆ రోజు కొండ దిగుతుంటే బ్రేకు పోయింది, నువ్వు చక్రం విప్పి చూడకుండా సంతకం పెట్టావు. బస్సును కొండ గోడకు రాసి ఆపాను. ఒకామెకు చెయ్యి విరిగింది. విచారణలో నువ్వు ఆగమన్నా నేనే తొందరపడి బండి తీశానని చెప్పాను. మూడు నెలలు సస్పెండు చేశారు. నీ ఇంట్లో అప్పుడు పురిటి పిల్ల ఉంది, నా ఇంట్లో తినే నోళ్లు తక్కువ, అందుకే చెప్పాను. నేనేదో గొప్ప పని చేశానని ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాను. కానీ ఆ రోజు నుంచి ఎవరి సంతకాన్నీ నమ్మడం మానేశాను. నీకు మేలు చేసినవాణ్ణే, లోపల నిన్ను క్షమించలేదని ఇప్పుడు తెలుస్తోంది. ఆ విషం తీసుకొచ్చి ఏమీ తెలియని పిల్ల మీద కక్కాను.

నీ కార్డు చదివిన రోజు మధ్యాహ్నం మావాడు అన్నం తింటుంటే డ్యూటీ సంచి తెచ్చి పక్కన పెట్టాను. జిప్పు తీశాను. వాడు పెట్టె చూశాడు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అంతా చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు. మా ఇంటామె రాఘవమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి "నీ అనుమానం మన్నుగాను" అని కూలబడిపోయింది.

వాడు కేకలు వేస్తాడనుకున్నాను. ఎడంచేత్తో పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత, "నాకు నువ్వు చెప్పింటే, రేసు మైదానం దాకా ఏం పన్లేదు నాయనా. రెండు పెట్టెలూ ఒకదాని తర్వాత ఒకటి బిగిచ్చి, నిన్ను పక్కన కూసోబెట్టుకుని గాజులమండ్యం రోడ్డులో తోలి సూపించేవాణ్ణి" అన్నాడు. చెయ్యి కడుక్కోవడానికి లేచి, పెరట్లోంచి మళ్లీ లోపలికి తొంగి చూసి, "నువ్వు నన్ను అడగల్యా. నేను ఆ పిల్లను అడగల్యా. ఒకటే రకం మనం" అన్నాడు.

ఆ సాయంత్రమే ఇద్దరం మీ ఊరి రోడ్డులోని ఫ్యాక్టరీకి పోయాము. నిన్ను చూడకుండా వచ్చానని కోపం పెట్టుకోకు, మొహం చెల్లలేదు. యోగానంద ముందు, వాళ్ల నాయన ముందు, గుజ్జు డబ్బాలు మోసేవాళ్ల ముందు చెప్పాను. పెట్టె మార్చింది నేను, నా కొడుకు కాదు, ఆ పిల్ల కాదు అని. మావాడు అక్కడే పెట్టె బిగించాడు. యోగానంద హైవే మీదికి తీసుకుపోయి పావుగంటకు వచ్చాడు. కోపంగానే దిగాడు. "ఇది బండి! ఇది గదా బండి!" అని ఒకసారి అరిచి, తర్వాత గొంతు తగ్గించి, "ఆ పొద్దు పాత పెట్టెకే సూపరని ఫోన్ చేసినా గదా సామీ, ఆ మాట మాత్రం యాడా చెప్పొద్దు" అన్నాడు. పెదవులు బిగపట్టుకున్నాను. మద్రాసులో ఎవరెవరి ముందు తిట్టాడో వాళ్లకందరికీ తానే ఫోన్ చేసి చెబుతానన్నాడు. నా ముందే రెండు ఫోన్లు చేశాడు. చిత్తూరు షెడ్డువాళ్లకు మావాడు పోయి చెప్పి వచ్చాడు.

మిగిలింది ఆ పిల్ల. నిన్న చంద్రగిరి పోయాను. వాళ్లమ్మ గడప దగ్గరే నిలబడింది. "పాప ల్యా. ఉన్నా మీతో మాట్లాడదు" అంది. కూర్చోమనలేదు, మంచినీళ్లు అడిగే ధైర్యం నాకూ లేదు. ముందే రాసుకుపోయిన ఉత్తరం ఆమె చేతిలో పెట్టి వచ్చాను. పనికి తిరిగి రమ్మని రాశాను. వస్తుందో రాదో తెలియదు. రాకపోతే తప్పు ఆమెది కాదు.

నువ్వు ఆ కార్డు రాయకపోతే నేను ఏమైపోయేవాణ్ణో తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తోంది. ఎనభై ఒకటి సంగతి ఇవాళ్టితో నా మనసులోంచి దించేశాను. నువ్వూ దించెయ్యి.

నీ
వరదయ్య

—

చంద్రగిరి,
8-5-2004

పెద్దాయన వరదయ్య గారికి ఎస్తేరు వందనాలు చెప్పి రాయడం ఏమనగా,

మీ ఉత్తరం అమ్మ ఇచ్చింది. ఎండన పడి వచ్చిన మిమ్మల్ని కూర్చోమనలేదని, మంచినీళ్లు ఇవ్వలేదని తర్వాత తానే బాధపడింది. ఆ రోజు ఇంట్లోనే ఉన్నాను. తలుపు వెనక నిలబడి మీ గొంతు విన్నాను. బయటికి రావాలనిపించలేదు. నన్ను క్షమించండి.

"పెట్టె మార్చింది నేనే, నిన్ను అనవసరంగా దొంగను చేశాను" అని రాశారు. మార్చింది మీరని నాకు మొదటి నుంచీ తెలుసు. ఆ శుక్రవారం ప్రార్థన అయ్యాక, సాయంత్రం బండి అప్పగించేముందు ఇంకొకసారి చూసుకుందామని వచ్చాను. షట్టరు సగం దించి ఉంది. వంగి చూస్తే కారు తలుపు తెరిచి ఉంది, మీ కాళ్లు బయటికి ఉన్నాయి, నేల మీద మేం రాసిన పెట్టె ఉంది. చప్పుడు చేయకుండా వెనక్కి పోయి, బస్టాపులో అరగంట కూర్చుని మళ్లీ వచ్చాను. అప్పటికి మీరు కుర్చీలో కూర్చుని ఉన్నారు. నా చేతికి తాళంచెవి ఇచ్చారు.

మీరు మీ అంతట మీరు ఆ పని చేస్తారని నాకు తోచలేదు పెద్దాయనా. సునీల్ గారే చేయించారనుకున్నాను. యోగానంద గారికి కంపెనీ పెట్టె అంటగట్టి, మంచి పెట్టె ఇంకెవరికో అమ్మడానికి, తన చేతులకు అంటకుండా మీ చేత మార్పించారని అనుకున్నాను. నెల రోజులు ఆయన పక్కన కూర్చుని ఒక్కో అంకె సరిచేశాను. ఇంజను ఎక్కడ తడబడితే అక్కడ ఆయన "ఎస్తేరూ, ఈడ సూడు" అనేవారు. ఇదంతా మోసానికేనా అని ఆ రాత్రి అమ్మకు తెలియకుండా ఏడ్చాను.

వెళ్లి అడగవచ్చు కదా అని మీరు అనవచ్చు. నేనూ రోజూ అనుకున్నాను. అడిగితే అవునంటారేమోనని భయం. అవునంటే ఆ మనిషిని మళ్లీ చూడలేను. అడక్కుండా ఉంటే కాదేమో అన్న ఆశైనా మిగులుతుందని ఊరుకున్నాను.

సోమవారం ఆయన తాళం సంగతి ఎత్తినప్పుడు నాకు ఆ ఆశ కూడా పోయింది. తండ్రీకొడుకులు ఇద్దరూ మాట్లాడుకుని నా మీదికి తోస్తున్నారనుకున్నాను. అందుకే ఆయన వైపు చూశాను, మీ వైపు చూశాను. మీరు తువ్వాలు సర్దుకున్నారు. ఇక చెప్పేదేముందని లేచి వచ్చేశాను. చిత్తూరు షెడ్డులో ఒకాయన "పెట్టెలు మార్చే పాపవి నువ్వేనా?" అని నవ్వాడు. దానికన్నా ఎక్కువ బాధ నాకు, మోసగాడి దగ్గర పని నేర్చుకున్నానే అని. నా చేతి పని మీద నాకే అసహ్యం పుట్టింది.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నా పేరు నాకు తిరిగి వచ్చిందని కాదు, సునీల్ గారికి ఏమీ తెలియదని రాశారే, ఆ ముక్క దగ్గర మళ్లీ మళ్లీ ఆగాను. మీ మీద నాకు కోపం లేదని చెబితే అబద్ధం. ఉంది. కొన్నాళ్లు ఉంటుంది. కానీ మీరు ఆ పెట్టె మార్చకపోయి ఉంటే ఆ పని నిజమైనదని మీకు ఎప్పటికీ తెలిసేది కాదు, ఆయన మంచివాడని నాకు ఇంత గట్టిగా తెలిసేది కాదు. ఇలా అనుకోవడం సరైనదో కాదో నాకు తెలియదు.

పనికి రమ్మన్నారు. మీరు పిలిస్తే రాను. సునీల్ గారు క్షమించమని అడగడానికి వచ్చినా రాను. ఆయన్ను మా ఇంటికి రమ్మనండి. గడప దగ్గర నిలబడి, ఆ రోజు అడగాల్సిన మాట ఇప్పుడు అడగమనండి. "ఎస్తేరూ, పెట్టె నువ్వు మార్చినావా?" అని నా మొహం చూసి ఒక్కసారి అడగమనండి.

కాదు అని చెప్పాలి నేను. ఆ మాట చెప్పడానికి ఇన్ని రోజులుగా కాచుకుని ఉన్నాను.

ఇట్లు,
ఎస్తేరు